వరద బాధితుల కోసం ఇంటి సామాన్లు పోగు చేస్తున్నాం, ఏవి తీసుకోవాలి ఏవి వద్దనాలి?

కొత్తబాధ్యత:

అందరికీ నమస్కారం అండి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి సలహా ఇవ్వండి, నిజంగా అవసరం.

వరదలో ఇళ్ళు మునిగినవాళ్ళకి ఇంటి సామాన్లు పోగు చేసి పంపిద్దామని మా కాలనీ సంఘంలో అనుకున్నాం. ఇరవై మందిమి ఉన్నాం, అందరికీ మనసుంది కానీ ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు లెక్కలు రాసే అలవాటుందని బాధ్యత నాకు అప్పజెప్పారు. ఆ రాత్రే గ్రూపులో "మీకు తోచింది ఇవ్వండి, కమ్యూనిటీ హాల్లో తీసుకుంటాం" అని మెసేజ్ పెట్టేశాను. తెల్లారేసరికి గుమ్మం ముందు సంచులు. రెండో రోజు సాయంత్రానికి సగం హాలు నిండిపోయింది, ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

నిన్న ఒక పెద్ద సంచి విప్పాం. పైన రెండు మంచి దుప్పట్లు, ఉతికి మడత పెట్టినవి, చూసి సంతోషం వేసింది. వాటి కింద తడి ఆరకుండానే కుక్కేసిన బట్టలు, బూజు వాసన, ఆ వాసన పైనున్న దుప్పట్లకి కూడా పట్టేసింది. అడుగున ఒంటి కాలి చెప్పు, పిడి ఊడిన గిన్నె, సగం వాడిన ఫ్లోర్ క్లీనర్ సీసా, దాని మూత వదులై కారిపోయి అడుగంతా జిగురు జిగురుగా ఉంది. ఆ ఒక్క సంచి తేల్చడానికి ముగ్గురికి ముప్పావు గంట పట్టింది. ఇలాంటివి ఇంకా వందకి పైనే ఉన్నాయి.

అదే రోజు ఒక పెద్దావిడ కొత్త రగ్గు, కవరు కూడా విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టి, ఇది తప్పకుండా చేరుతుంది కదా బాబూ అని రెండుసార్లు అడిగారు. చేరుతుందమ్మా అన్నాను. అన్నానే గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, ఎవరికి చేర్చాలో మేమింకా ఖాయం చేసుకోలేదు మరి. ఎవరో తెలిసినవాళ్ళున్నారు, లారీ దొరికితే చూద్దాం అన్న దగ్గరే ఉన్నాం.

ఏవి తీసుకోవాలి, ఏవి వద్దనాలి? రోజూ మొహాలు చూసుకునే పక్కింటివాళ్ళకి వద్దని ఎలా చెప్పడం? ప్యాకింగ్ ఎలా? ఈ పాత బట్టల గుట్టని ఏం చెయ్యాలి?

మూడోలారీ:

తమ్ముడూ, ముందు ఆ మెసేజ్ ఈ రోజే వెనక్కి తీసుకో. హాలు నిండింది, రెండు రోజులు ఏమీ తీసుకోవడం లేదు, లిస్టు పెట్టాక మళ్ళీ అడుగుతాం అని ఒక్క ముక్క పెడితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. సంచులు వస్తూ ఉన్నంతసేపూ నీకు ఆలోచించే తీరిక ఉండదు.

మా గ్రూపు ఈ పని మూడుసార్లు చేసింది. మొదటిసారి అచ్చం నీలాగే, ముందు పోగేసి తర్వాత దారి వెతుక్కున్నాం. లారీ నిండా ఎత్తి పంపాం. అక్కడ దింపుకునే మనిషి లేడు, ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్రైవరు సాయంత్రం దాకా చూసి ఒక బడి వరండాలో దింపేసి వచ్చేశాడు. ఆ రాత్రి మళ్ళీ వాన. నాలుగో రోజు మావాళ్ళు వెళ్ళి చూస్తే అట్టపెట్టెలు నాని చీలిపోయి సామానంతా బురదలో కలిసిపోయి ఉంది, ఆ బడిలో తలదాచుకున్న కుటుంబాలే వంగి వంగి ఆ చెత్త ఎత్తి పోస్తున్నాయి. సాయం చేద్దామని వెళ్ళి వాళ్ళకి ఇంకో పని పెట్టాం. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళముందు నుంచి పోదు.

చిన్న గ్రూపులకే ఇలా అవుతుందనుకోకు. 1998లో మిచ్ తుఫాను హోండురస్‌ని ముంచెత్తినప్పుడు ఎక్కడెక్కడినుంచో వచ్చిన బట్టల మూటలు రన్‌వే మీద పేరుకుపోయి, అత్యవసర సామాను తెచ్చిన విమానం దిగలేకపోయింది. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలో పాత బట్టలు సముద్రపు ఒడ్డున గుట్టలు పడి కుళ్ళిపోయాయి, చివరికి తగలబెట్టారు. సహాయ పనుల్లో ఉండేవాళ్ళు దీనికి రెండో విపత్తు అని పేరే పెట్టేశారు.

అందుకే నీ మొదటి పని ఫోన్. అక్కడ నిజంగా పంచుతున్న మనిషి ఒకరు దొరకాలి, ఆయన కాకపోతే ఎత్తడానికి ఇంకొకరి నంబరు కూడా తీసుకో. ఎన్ని కుటుంబాలు, ఎంతమంది, పసిపిల్లలు ఎందరు, మంచం మీదున్న ముసలివాళ్ళు ఎందరు అడుగు. శిబిరంలో ఉన్నారా, ఇళ్ళకి తిరిగి వెళ్ళిపోయారా అన్నది తప్పకుండా అడుగు, అక్కడే లిస్టు మొత్తం మారిపోతుంది. శిబిరంలో ఉన్నవాళ్ళకి దుప్పటి, చాప, లైటు ముఖ్యం, ఇంటికి వెళ్ళినవాళ్ళకి ముందు ఆ బురద ఎత్తిపోసే సాధనాలు కావాలి. ఇప్పటికే ఏం వచ్చి పడ్డాయో కూడా అడుగు, అవే మళ్ళీ పంపకు. సామాను పెట్టడానికి కప్పున్న చోటు ఉందా, ఏ సైజు బండి లోపలిదాకా వెళ్తుంది, దింపడానికి ఎంతమంది వస్తారు, ఇవన్నీ తేలాకే బండి మాట్లాడుకో.

ఎంత పంపాలో ఊహించుకుని చెయ్యక్కర్లేదు. 1997లో రెడ్ క్రాస్, ఇంకా చాలా సహాయ సంస్థలు కలిసి స్ఫియర్ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి, విపత్తులో మనిషికి కనీసం ఏమేం ఉండాలో అందులో రాసిపెట్టారు. మనిషికి నెలకి 250 గ్రాముల ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు. ఇంటికి 10 నుంచి 20 లీటర్లు పట్టే నీళ్ళ డబ్బాలు రెండు, ఒకటి నీళ్ళు తెచ్చుకోడానికి, రెండోది నిలవ పెట్టుకోడానికి. మనిషికో దుప్పటి. ఇంటికి మూతలున్న వంట గిన్నెలు రెండు, ఒక పెద్ద బేసిన్, ఒక కత్తి, రెండు గరిటెలు, మనిషికో కంచం, గ్లాసు, చెంచా. అక్కడ 60 కుటుంబాలు, ఇంటికి అయిదుగురు అనుకో, 300 మంది. అంటే నెలకి 75 కిలోల ఒంటి సబ్బు, 60 కిలోల బట్టల సబ్బు, 120 డబ్బాలు, 300 దుప్పట్లు. ఇలా అంకె వేసి గ్రూపులో పెట్టి, దుప్పట్లు 300కి 180 వచ్చాయి అని రోజూ రాస్తూ ఉంటే జనం కూడా అదే తెస్తారు. తోచింది ఇవ్వండి అంటే ఇంట్లో అడ్డంగా ఉన్నది వస్తుంది, అందులో వాళ్ళ తప్పు లేదు, మనం అడిగిన తీరు అలా ఉంది.

వద్దని చెప్పడం గురించి అడిగావు. గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, ఇచ్చేవాళ్ళ ఎదురుగానే సంచి విప్పండి. అక్కడివాళ్ళు అడిగిన లిస్టు బల్ల మీద అతికించి పెట్టండి. "అక్కా, ఇవి వాళ్ళు అడిగారు, తీసుకుంటాం, ఇవి అడగలేదు, మీరే ఉంచుకోండి" అని మెల్లగా చెప్తే చాలు. మొహమాటపడి తీసుకుంటే ఆ బరువు చివరికి బడి వరండాలో వంగి ఎత్తే ఆడవాళ్ళ నడుం మీద పడుతుంది.

సాయంత్రంనడక:

నాదొక మాట. ఇంత కష్టపడి లారీలు ఎత్తే బదులు డబ్బు పోగు చేసి అక్కడ పనిచేస్తున్న సంస్థకి పంపేస్తే సరిపోదా? దగ్గర్లో కొట్లు తెరుచుకుని ఉంటే అక్కడే కొంటారు, వాళ్ళ బేరం కూడా నిలబడుతుంది, రవాణా ఖర్చు మిగులుతుంది, ఎవరికేం కావాలో వాళ్ళే చూసుకుంటారు. సామాన్ల మీద జనానికి మమకారం ఎక్కువ, నాకు తెలుసు, కానీ పెట్టెలో ఏం పెడదామన్నదానికన్నా అవతలివాళ్ళు ఏం కొనుక్కుంటారన్నది ముఖ్యం కదా.

మూడోలారీ:

మీరన్నది నిజమే అండి, కొట్లు నడుస్తున్న చోట డబ్బే మేలు, మూడోసారి మేం సగానికి పైగా డబ్బే పంపాం. కానీ వరద వచ్చిన మొదటి రోజుల్లో కొట్లు కూడా మునిగే ఉంటాయి, కొందామన్నా సరుకు ఉండదు, అప్పుడు బకెట్టు బకెట్టే. ఇంకోటి, చేతిలో డబ్బు ఆడక ఇంట్లో ఉన్న మంచి దుప్పటి ఇద్దామనుకునేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళని పక్కన పెట్టెయ్యలేం. రెండూ పెట్టండి. డబ్బు తీసుకుంటే మాత్రం ఇద్దరి సంతకాలతో రశీదు, వారానికోసారి లెక్క గ్రూపులో పెట్టడం తప్పనిసరి. ఒక్కసారి అనుమానం వచ్చిందంటే సంఘం మాట పోతుంది.

గోడౌన్‌మనిషి:

ప్యాకింగ్ గురించి నేను చెప్తాను, ఇరవై ఏళ్ళుగా గోడౌన్‌లో అదే పని.

హాలుని మూడు ముక్కలు చెయ్యండి, వచ్చిన సామాను ఒక మూల, ఏరుతున్నది మధ్యలో, పెట్టెకెక్కినది గుమ్మానికి దగ్గరగా. ఒకసారి పెట్టెకెక్కిన సామాను మళ్ళీ వెనక్కి రాకూడదు, కలిసిపోయిందంటే రాత్రంతా మళ్ళీ మొదటికే. ఏరేవాళ్ళకి మాస్కు, గ్లవుజులు ఇవ్వండి, పాత బట్టల దుమ్ముకి దగ్గు పట్టుకుంటుంది, జేబుల్లో బ్లేడ్లు, పిన్నులు ఉంటాయి. కత్తులైతే మొనని అట్టతో చుట్టి టేపు వెయ్యండి, మా దగ్గర ఒకబ్బాయి పెట్టెలో చెయ్యి పెట్టి అరచెయ్యి కోసుకున్నాడు, అయిదు కుట్లు పడ్డాయి.

ఒక పెట్టెలో ఒకే రకం సామాను. సబ్బులతో బట్టలు కలపొద్దు, తినేవాటి దగ్గరికి సబ్బు వాసన అసలు వెళ్ళకూడదు. విప్పిన సీసాలు, యాసిడ్, కిరోసిన్, గ్యాస్ డబ్బాలు, ఉబ్బిన బ్యాటరీలు ఏవీ ఎక్కించొద్దు, ఒకటి కారిందంటే చుట్టూ పది పెట్టెలు పోతాయి. పెట్టె బరువు 15 కిలోలు దాటనివ్వకండి, అక్కడ దింపేది హమాలీలు కాదు, మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చిన ఆడవాళ్ళు, కుర్రాళ్ళు, వాళ్ళు ఎత్తగలగాలి. పెద్ద పెట్టెలో దుప్పట్లు పెట్టుకోండి, గిన్నెలు, సబ్బులు చిన్న పెట్టెలోనే.

దుప్పట్లు, బట్టలు పూర్తిగా ఆరాకే, ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తర్వాత పెట్టెలో పెట్టండి. కొంచెం తడి ఉన్నా కవర్లో వారం తిరిగేసరికి బూజు పట్టేస్తుంది, మీరు చూసిన సంచిలో అయ్యింది అదే. టేపు అడుగున రెండు వరసలు వెయ్యాలి, చాలామంది పైన వేసి కింద మర్చిపోతారు.

పేరు రాయడం మీద శ్రద్ధ పెట్టండి. పెట్టె పైన ఒక్కచోటే రాస్తే దాని మీద ఇంకోటి ఎక్కగానే కనపడదు, పక్కలకి కూడా రెండు వైపులా రాయండి. నీళ్ళు తగిలితే చెరగని మార్కరు వాడండి. "నంబరు 14, దుప్పట్లు, 8" ఇంతే చాలు, అదే రిజిస్టరులో కూడా ఎక్కించండి. కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి డ్రైవరు చేతికి, ఒకటి ఫోటో తీసి దింపుకునే మనిషికి. ముందు కావాల్సినవి చివర్న ఎక్కించండి, అప్పుడే తలుపు తియ్యగానే చేతికొస్తాయి. లారీ మీద టార్పాలిన్ కట్టేటప్పుడు మీవాళ్ళెవరైనా పక్కనే నిలబడి చూడండి.

వార్డుడ్యూటీ:

నర్సుగా ఒక్క మాట, దయచేసి మిగిలిపోయిన మందులు తీసుకోకండి. సగం వాడిన స్ట్రిప్పులు, పేరు చిరిగినవి, ఎవరికో రాసిన యాంటీబయాటిక్స్ అక్కడ ఏరే డాక్టరు టైమంతా తినేస్తాయి. 1988 ఆర్మేనియా భూకంపం తర్వాత 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వచ్చిపడితే వాటిలో ఏముందో తేల్చుకోడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. విరాళంగా వచ్చే మందులకి గడువు ఇంకా కనీసం ఏడాది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల్లోనే ఉంది, అది కూడా అక్కడి వైద్యులు అడిగితేనే.

పసిపిల్లల పాలపొడి, పాల సీసాలు కూడా వద్దు. చాలామందికి ఇది వింతగా ఉంటుంది, పిల్లలకే కదా అంటారు. శుభ్రమైన నీళ్ళు లేనిచోట, సీసా మరగబెట్టే వీలు లేనిచోట అదే పొడి విరేచనాలు తెస్తుంది, తల్లిపాలు తాగే బిడ్డకి ఆ పాలు తగ్గిపోతాయి. నిజంగా అవసరమైన బిడ్డకి అక్కడి ఆరోగ్య సిబ్బంది చూసి ఇస్తారు. ఆ బదులు తల్లులకి సబ్బు, మూతున్న బకెట్టు, శానిటరీ ప్యాడ్లు, పిల్లలకి దోమతెర ఇవ్వండి, ఎంతో మేలు.

ఒడ్డునపడ్డాం:

నేను తీసుకున్నవాళ్ళ వైపు నుంచి రాస్తున్నాను. మా ఇంట్లోకి నీళ్ళు నడుం దాకా వచ్చాయి, పదకొండు రోజులు బయట ఉన్నాం.

మాకు బట్టలు చాలా వచ్చాయి. చీరలు, షర్టులు, చలికోట్లు, పెళ్ళికి కట్టుకునేవి కూడా. లోదుస్తులు మాత్రం ఒక్కటీ లేవు. అడగడానికి సిగ్గు, ఇచ్చేవాళ్ళకి తోచదు. మా అమ్మ తడి బట్టలే ఒంటి మీద ఆరబెట్టుకుంది. కొత్తవి, రకరకాల సైజుల్లో, ఒక చిన్న పెట్టె పంపినా చాలు, ఆడవాళ్ళ చేతికే ఇవ్వమని దాని మీద రాయండి. మగవాళ్ళు నిలబడి పంచుతుంటే ప్యాడ్లు ఎవరూ తీసుకోరు.

ఇంటికి తిరిగెళ్ళాక కావాల్సింది వేరు. గోడకి చేరిన బురద చీపురుతో రాదు, పార కావాలి, గట్టి బ్రష్షు కావాలి, చేతికి రబ్బరు గ్లవుజులు కావాలి. మా వీధిలో పన్నెండు ఇళ్ళకి ఒకే పార ఉండేది, ఒకరి తర్వాత ఒకరం వంతులేసుకున్నాం. తాడు కావాలి, ఉతికినవి ఆరేసుకోడానికి. తాళం కావాలి, తలుపు ఉబ్బి గొళ్ళెం పడదు, రాత్రి ఆడపిల్లలతో పడుకోవాలంటే భయం. సోలార్ లైటు ఒకటి వచ్చింది, మరుగుదొడ్డికి వెళ్ళాలంటే నలుగురం ఆ లైటు పట్టుకుని కలిసి వెళ్ళేవాళ్ళం.

ఒక సంచి ఇప్పటికీ గుర్తుంది. ఒక బకెట్టు, అందులోనే మగ్గు, రెండు సబ్బులు, నాలుగు టూత్‌బ్రష్షులు, టవలు, దువ్వెన, సూదీ దారం, నెయిల్ కట్టర్. పైన మూత పెట్టి తాడుతో కట్టారు. ఎవరో కూర్చుని, ఒక ఇంట్లో పొద్దున లేస్తే ఏమేం కావాలో ఒక్కొక్కటే తలుచుకుని పెట్టారని తెలిసింది నాకు. ఆ మూత విప్పి ఏడ్చాను.

ఫోటోలు మాత్రం అడక్కుండా తియ్యొద్దండి. ఆ స్థితిలో చెయ్యి చాపిన ఫోటో మా తమ్ముడి స్నేహితుల దాకా వెళ్ళింది, వాడు నెల రోజులు బడికి వెళ్ళనన్నాడు. లెక్క కోసం కావాలంటే పెట్టెలకి తీసుకోండి.

కొత్తబాధ్యత:

అక్కా, మీరు రాసింది హాల్లో అందరికీ చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మెసేజ్ ఆపేశాం. అక్కడ పంచుతున్న ఒకాయన దొరికారు, మూడుసార్లు మాట్లాడాం. 60 కాదు గానీ 52 కుటుంబాలు, అందరూ ఇళ్ళకి తిరిగెళ్ళారు, బట్టలు ఇంక వద్దే వద్దన్నారు. కావాల్సినవి పారలు, బ్రష్షులు, మూతున్న బకెట్లు, సబ్బు, దుప్పట్లు, 4 మీటర్లకి 6 మీటర్ల టార్పాలిన్లు. ఇంటికో బకెట్టు కట్టి అందులోనే చిన్న సామాను సర్దుదామని మా కాలనీ ఆడవాళ్ళు కూర్చుని లిస్టు రాశారు, లోదుస్తులు వాళ్ళే కొంటామన్నారు. బల్ల వేసి సంచులు ఎదురుగా విప్పుతున్నాం, ఇద్దరు కోపంగా వెళ్ళిపోయారు, వాళ్ళలో ఒకరు సాయంత్రం మూడు కొత్త బకెట్లు పట్టుకొచ్చారు.

పాత బట్టలు ఇంకా 70 సంచులున్నాయి. వీటి సంగతి చెప్పండి అన్నా.

గోడౌన్‌మనిషి:

నూలువి, మెత్తవి ఉంటే బొత్తాలు, జిప్పులు తీసేసి చతురస్రాలుగా కత్తిరించి కట్టలు కట్టండి, బురద తుడవడానికి గుడ్డలు ఎంతున్నా చాలవు, కానీ ముందు ఆయన్ని అడగండి. వేసుకునేలా ఉన్నవి మీ దగ్గర్లోనే పాత బట్టలు తీసుకునే ఆశ్రమాలకి ఇవ్వొచ్చు, ఇచ్చినవాళ్ళకి ఆ మాట ముందే చెప్పి ఇవ్వండి. బూజు పట్టినవి వదిలెయ్యండి, అవి లారీ ఎక్కకూడదు.

కొత్తబాధ్యత:

వారం తర్వాత రాస్తున్నాను. 87 పెట్టెలు, 52 బకెట్లు ఎక్కించాం. రాత్రి పదింటికి ఫోను, బకెట్లన్నీ దిగాయి, పెట్టెలు 85 అని. గుండె జారింది. రిజిస్టరు తీసి ఒక్కో నంబరు చదివితే 14, 31 తేలలేదు, డ్రైవరుకి ఫోన్ చేస్తే క్యాబిన్‌లో సీటు వెనక పెట్టుకున్నాడు, వానకి తడుస్తాయని. అరగంటలో వెనక్కి తెచ్చి ఇచ్చాడు.

ఆ పెద్దావిడ రగ్గు 14లోనే ఉంది. పొద్దున వాళ్ళింటికెళ్ళి చేరిందమ్మా అని చెప్పాను.

తుడిచే గుడ్డలు అడిగారు, పంపాం. పారలు ఇంకో 20 కావాలంటున్నారు, దగ్గర్లో కొట్టు తెరిచారట, ఈసారి డబ్బే పంపుతున్నాం.